రూప్లా వెళ్లని ఏడు

పంపు రోజు

పంపు తెల్లవారకముందే వచ్చింది. టిఫిన్ కొట్టు కోటమ్మ రెండో డ్రమ్ము నిండకుండానే ఆగిపోయింది. హాకీ లీగ్ అయిపోయింది కనుక మైదానంలో టర్ఫ్ తడపనక్కర్లేదు. ఎండిన టర్ఫ్ మీద చీపురు వేస్తే పచ్చటి పొడి లేస్తోంది. స్టిక్కులు తుడిచాను. పట్టీలు ఊడినవి విడిగా పెట్టాను.

ఈ కాలువ మీద ఏ ఊరికెన్ని నీళ్లో హాకీ పట్టికలో ఆ ఊరు నిలిచిన చోటును బట్టి ఇస్తారు. మా జమ్మిబండ అడుగు నుంచి రెండో చోట ఆగింది. అందుకే ఈ ఏడు మాకు మూడు రోజులకోసారే పంపు, వారం అంటే మూడే రోజులు. పంపు రోజు, మర్నాడు, ఎండు రోజు. మళ్లీ పంపు రోజు. బడిలో కూడా ఇలాగే చెబుతున్నారు.

సాయంత్రం మైదానంలో చీటీలు తీశారు. మా జట్టు జనరల్ మేనేజర్ హైమవతి మీద తీర్పు చెప్పే ముగ్గురిలో నా పేరు వచ్చింది. మిగతా ఇద్దరు టిఫిన్ కొట్టు కోటమ్మ, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన నర్సయ్య సార్. మేం ఉంచమంటే ఆమె ఉంటుంది. పంపమంటే నీటి కార్డు తీసుకుని బస్సెక్కిస్తారు. పంపేసిన మేనేజరుకు కాలువ మీద ఏ ఊరూ కార్డు ఇవ్వదు. ముందటి మేనేజరు ఇప్పుడెక్కడ తాగుతున్నాడో, అసలు తాగుతున్నాడో లేదో ఎవరికీ తెలియదు.

"ఊళ్లె మాట్లాడేటోళ్లు కరువైండ్రా, నీ చీటీ తీసిండ్రు?" అని నవ్వింది కోటమ్మ.

నేను కూడా నవ్వాను.

మర్నాడు

ఊరికి హైమవతి మీద ఉన్న కోపం అంతా ఒక్కటే. సీజన్ సగంలో బానోతు రూప్లాను ఎగువగట్టు జట్టుకు ఇచ్చేసింది. పెనాల్టీ కార్నర్ కొట్టాలంటే మాకు రూప్లానే. అతనికి బదులు ఇద్దరు డిఫెండర్లను తెచ్చింది. వాళ్ల పేర్లు ఊళ్లో సగం మందికి ఇప్పటికీ రావు. రూప్లా వెళ్లిన రోజు నాకూ కోపం వచ్చింది. ఆ రోజు డైరీ పుటలో "రూప్లా వెళ్లాడు. టర్ఫ్ తడిపాను" అని మాత్రం రాసుకున్నాను.

ఇదివరకు తీర్పు అంటే వాదులాట. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట చెల్లేది. ఈ ఏడు లీగ్ ఆఫీసు నుంచి వైదేహి అనే అమ్మాయి ఒక పెట్టెతో వచ్చింది. మైదానం చుట్టూ స్తంభాల మీద కెమెరాలు, మైకులు ఉన్నాయి కదా. అవి చూసినవీ విన్నవీ అన్నీ ఆ పెట్టెలో పోశారట. ఫలానాది జరగకపోతే ఏమయ్యేది అని అడిగితే, ఆ జరగని సీజన్‌ను మొదటి మ్యాచ్ నుంచి చివరి మ్యాచ్ దాకా తెర మీద ఆడించి చూపిస్తుంది.

"మొదటి ప్రశ్న ఎవరు అడుగుతారు?" అంది వైదేహి.

నర్సయ్య సార్ లేచి నిలబడి, క్లాసులో అడిగినట్టే అడిగారు. "రూప్లా వెళ్లకపోతే?"

ఎండు రోజు

మైదానంలో తెర కట్టారు. అసలు మ్యాచ్‌లకు కూడా ఇంతమంది రాలేదు.

తెర మీద మా మైదానమే. టర్ఫ్ తడిసి మెరుస్తోంది. గొట్టం పట్టుకుని నీళ్లు చల్లుతున్నది నేనే. నా నడక వెనక నుంచి అలా ఉంటుందని నాకు తెలియదు. రూప్లా కొట్టిన మొదటి కార్నర్ గోలు ఎడమ మూలలోకి వెళ్లింది. కుర్చీలు పడిపోయాయి. ముసలివాళ్లు కూడా లేచి గెంతారు. పక్కనున్నాయన నా వీపు మీద గట్టిగా చరిచాడు. అది జరగలేదని నాకు గుర్తు రావడానికి కాసేపు పట్టింది.

రివాజు ప్రకారం మేనేజరు ఆటగాళ్ల బెంచీ మీద ఒక్కతే కూర్చోవాలి. హైమవతి కూర్చుంది. ఎప్పటిలాగే కొంగు నడుముకు బిగించి, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. జనం తన వైపు చూసి అరుస్తున్నా తల తిప్పలేదు. ఒక్కసారి మాత్రం "కుడి పక్క ఖాళీ, కుడి పక్క" అంది, తెర మీద వాళ్లకు వినపడుతుందన్నట్టు.

ఆ మ్యాచ్ గెలిచాం.

పంపు రోజు

పంపు వచ్చింది, పోయింది. డ్రమ్ముల దగ్గర పోట్లాటలు లేవు. అందరూ నిన్నటి మ్యాచ్ గురించే మాట్లాడుకుంటున్నారు.

"ఆ ఏడు రోజూ పంపు వస్తది సైదులూ," అంది కోటమ్మ. "గిన్నెలు కడుక్కోను నీళ్లుంటయి. నేను దోసెలు బంద్ చెయ్యకపోదును. నా కోడలు పనికని వేరే ఊరు పోకపోతుండె."

అట్టు పెనం గోడకు తిరగేసి ఉంది. దాని వంకే చూస్తూ అంది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ ఏడు అంటూ ఒకటి ఎక్కడో ఉన్నట్టు, దాన్ని హైమవతి ఆమె చేతిలోంచి లాక్కున్నట్టు మాట్లాడుతోంది.

సాయంత్రం మళ్లీ తెర. మళ్లీ గెలిచాం. మా గోల్‌కీపర్ ఇమ్మానియేలు నా పక్కన కూర్చున్నాడు. తెర మీద అతనే, గాల్లో అడ్డంగా ఎగిరి బంతిని కాలితో బయటికి తన్నాడు. జనం అతని పేరు అరిచారు.

"అన్నా, అది నేను ఆపలేను," అన్నాడు ఇమ్మానియేలు మెల్లగా. "నా మోకాలు అట్ల వంగదు."

"చెప్పు మరి," అన్నాను.

"ఎవలకు? ఇప్పుడే గదా నన్ను మెచ్చుకుంటుండ్రు."

ఎండు రోజు

ఆ సీజన్‌కు చివరి మ్యాచ్ ఇవాళ. పొద్దుటి బస్సులో రూప్లా వచ్చాడు. ఊరంతా మాట్లాడుకుంటున్న ఆటను తానూ చూద్దామని వచ్చానన్నాడు. గేటు దగ్గరే జనం చుట్టుముట్టి భుజాల మీదికి ఎత్తుకున్నారు. డప్పులు వచ్చాయి. ఎవరో అతని మెడలో కండువా వేశారు.

"దించుండ్రి! నేను ఎగువగట్టుకు ఆడుతున్న. మీ మీద రెండు గోల్స్ కొట్టిన, మరిచిండ్రా?" అని అరుస్తున్నాడు.

"నువ్వేం జేస్తవ్, ఆమె నిన్ను అమ్మేసింది గదా!"

"అమ్ముడేంది? నేనే పోతనన్న... పంపమన్న. నా పెండ్లాం అక్కడుంది, అప్పుడు నెలలు నిండినయి. మళ్ల మళ్ల మేడం ఇంటికి పోయి అడిగిన. ఆఖరికి సరే అన్నది."

"అట్ల చెప్పమన్నది ఆమెనే గదా?" అన్నాడొకడు. నవ్వారు. రూప్లాను ఇంకా పైకెత్తారు.

నాకు తెలుసు. అతను చెప్పింది నిజమే. వెళ్లబోయే ముందు రెండు మ్యాచ్‌ల్లో రూప్లా బంతి కంటే గేటు వైపే ఎక్కువ చూశాడు. టర్ఫ్ పక్కన నిలబడేవాడిని, నాకు ఇంకేం కనిపిస్తుంది? ఆ తెర మీది రూప్లా మాత్రం ఎప్పుడూ గేటు వైపు చూడడు.

చివరి మ్యాచ్‌లో అతను మూడు గోల్స్ కొట్టాడు. పట్టికలో మేం మొదటి చోటుకు వెళ్లాం. అసలు రూప్లా నా పక్కకు వచ్చి నిలబడి, మెడలోని కండువా తీసి చేతికి చుట్టుకున్నాడు.

"ఈడ ఆడినన్నాళ్లు ఒక్కనాడన్న నన్ను ఎత్తుకున్నరా, అన్నా?"

ఎత్తుకోలేదు. ఓడినప్పుడు అతని ఇంటి గోడ మీద బొగ్గుతో రాశారు. ఆ గోడ నేనే కడిగాను.

రూప్లా వైదేహి దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, ఒకటి అడుగుత. నేను ఈడనే ఉంటే... నా బిడ్డ పుట్టినప్పుడు నేను చూసిన్నా? అదేమన్న చూపిస్తదా నీ పెట్టె?"

వైదేహి పెట్టె వైపు చూసింది. "ఆ వివరానికి మ్యాచ్‌లతో సంబంధం లేదండి. పెట్టలేదు."

అతను కండువా కుర్చీ మీద పెట్టి బస్సుకు వెళ్లిపోయాడు. అప్పటికి జనం తెర మీద ఊరేగింపు చూస్తున్నారు. ఆ ఊరేగింపులో అందరం ఉన్నాం.

డప్పులు ఆగాక, మొదటిసారి హైమవతి లేచింది.

"నేను తప్పుగా నడిపిన్నని మీ పెట్టె చెప్పింది. బాగుంది. ఇప్పుడు దాన్ని ఇంకోటి అడగండి. నా కుర్చీల ఈ ముగ్గురిని కూర్చోబెట్టండి, ఒక్కొక్కళ్లను. జట్టు నడపడమంటే ఏందో ఊరు కూడా చూస్తది."

జనానికి అది నచ్చింది. ఈలలు వేశారు. నర్సయ్య సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అడగదగిన ప్రశ్నే" అన్నారు. ఆమె అనుకున్నది నాకు అర్థమైంది. మా ముగ్గురినీ తెర మీద ఓడించి, తీర్పు చెప్పే నోళ్లు మూయించాలనుకుంది. ఆ మైదానంలో ఆ మాట తెలివైనదిగానే అనిపించింది.

పంపు రోజు

పంపు రాలేదు. పై ఊళ్లో కాలువ గేటు మరమ్మతు అన్నారు. అయినా పేరు మారదు కనుక పంపు రోజు అనే రాస్తున్నాను.

కోటమ్మ సీజన్‌ను కుదించి ఒక్కపూటలో వేశారు. తెర మీద కోటమ్మ మూడో మ్యాచ్‌కే సగం జట్టును తిట్టి వెళ్లగొట్టింది. ఒక ఫార్వర్డ్ జుట్టు పట్టుకుంది. ఆడేవాళ్లు చాలక తన తమ్ముడి కొడుకును గోలు ముందు నిలబెట్టింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అసలు కోటమ్మ మా మధ్య కూర్చుని ఉంది.

"నేను అట్ల తిడుతనా?" అంది నాతో.

తిడుతుంది. నేల వైపు చూశాను.

"ఇందుకే అడిగింది గదా ఆమె. నన్ను ఊరి ముందర కోతిని చేసింది," అని లేచి వెళ్లిపోయింది. రేపటి పిండి రుబ్బుకోవాలని అందరితో చెప్పింది. రుబ్బడానికి నీళ్లు లేవు.

తరవాత నర్సయ్య సార్ సీజన్. ప్రతి మ్యాచ్‌కు ముందు ఆటగాళ్లకు బోర్డు మీద లెక్కలు వేసి చూపించారు. అందరికన్నా అడుగున నిలిచారు. సార్ చివరి దాకా చూసి, పుస్తకంలో ఏదో రాసుకుని, "పెట్టె నమూనా సరిగ్గానే ఉంది" అన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు

నా సీజన్ వేశారు.

నాకు రాయాలని లేదు. కానీ రోజుది రోజు రాయకపోతే మర్నాడు చేతికి పని తోచదు.

తెర మీద సైదులు ఆఫీసు గదిలో హైమవతి కుర్చీలో కూర్చున్నాడు. రూప్లా వచ్చి వెళ్తానన్నాడు. సైదులు ఏమీ అనలేదు. రూప్లా కాసేపు నిలబడి, మళ్లీ ప్రాక్టీసుకు వెళ్లాడు. ఇద్దరు ఆటగాళ్లు కొట్టుకున్నారు. సైదులు వచ్చి వాళ్ల మధ్య నిలబడ్డాడు. వాళ్లు చేతులు కలుపుకున్నారు. మేం గెలిచాం. మళ్లీ గెలిచాం. ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. రూప్లా వెళ్లకుండా హైమవతి నడిపిన ఆ సీజన్‌లో కూడా మేం రెండు ఓడాం.

మైదానంలో మొదట నవ్వారు. సగం దాకా వచ్చేసరికి నవ్వడం ఆగింది. చివరికి జనం తెర వైపు చూడటం మానేసి నా వైపు చూశారు. ముందు వరసలో ఒకామె తన పిల్లను నా కాళ్ల దగ్గరికి తోసింది.

హైమవతి బెంచీ మీద నుంచి నన్ను చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. తాళం చెవి ఇంట్లోనే మరిచి బయట తాళం వేసేసిన మనిషి ముఖంలా ఉంది.

అందరూ వెళ్లాక వైదేహి తీగలు చుడుతుంటే దగ్గరికి వెళ్లాను.

"ఎట్ల గెలిచిన?" అన్నాను.

ఆ అమ్మాయి తీగ చుట్టడం ఆపింది. "నిజం చెప్పమంటారా సైదులు గారూ? కోటమ్మ గారి మాటలు పెట్టె దగ్గర కుప్పలుగా ఉన్నాయి. సార్‌వి ఇంకా ఉన్నాయి. మీవి వెతికితే దొరికింది 'ఊఁ', 'సరే', 'టర్ఫ్ తడిపాను'. అంతే. ఒక మనిషి చేత తప్పు చేయించాలంటే పెట్టెకు ఏదో ఒక ఆధారం కావాలి. మీ దగ్గర దొరకలేదు."

"మరి వాళ్లకు చెప్పు."

"రిపోర్టులో కింద రాస్తానండి. చిన్నక్షరాలతో ఉంటుంది. ఎవరూ చదవరు."

ఎండు రోజు

ఇవాళ తీర్పు. ముగ్గురం ఒక్కొక్కరం మైకు దగ్గరికి వెళ్లి, ఉంచాలో పంపాలో చెప్పి, కారణం కూడా చెప్పాలి.

కోటమ్మ ముందు వెళ్లింది. "పంపాలె. నా దోసెలు పోయినయి, నా కోడలు పోయింది, పరువు గూడ పోయింది. ఇంక కారణమేంది?"

నర్సయ్య సార్ రెండో మనిషి. "వ్యక్తిగతంగా నాకు ఆమె మీద గౌరవం ఉంది. కానీ లెక్క ఎదురుగా ఉన్నప్పుడు గౌరవం చూడకూడదు. పంపాలి."

తీర్పు అప్పటికే అయిపోయింది. అయినా నా వంతు ఉంది. ముగ్గురిలో ఒకరు గట్టిగా కారణం చెప్పి కాదంటే, మిగతా ఇద్దరిలో ఎవరైనా మాట మార్చుకోవచ్చు. ఆ రివాజు ఇంకా ఉంది. కోటమ్మ మారదు. సార్ మారొచ్చు. సార్ మంచివాడు, చెబితే వింటాడు.

నా దగ్గర మాటలు ఉన్నాయి. మనసు ఇక్కడ లేని మనిషిని ఆమె పట్టి ఉంచలేదు. అతను ఎటూ ఆడడని తెలిసి, అతనికి ఇంకా విలువ ఉండగానే ఇద్దరు డిఫెండర్లను తెచ్చింది. వాళ్లు లేకపోతే మేం అట్టడుగునే ఉండేవాళ్లం, అప్పుడు ఎండు రోజులు రెండయ్యేవి. తెర మీది రూప్లాకు ఇల్లు లేదు, పెళ్లాం లేదు, అందుకే గోల్స్ కొట్టాడు. ఇవన్నీ పొద్దున టర్ఫ్ ఊడుస్తూ వరసగా అనుకున్నాను.

మైకు దగ్గరికి వెళ్లాను. స్తంభాల మీద ఎర్ర దీపాలు నా వైపు తిరిగాయి.

"ఉంచాలి," అన్నాను.

"కారణం?" అన్నారు సార్, ముందుకు వంగి. ఆయన నిజంగానే అడిగారు. వినాలనుకున్నారు.

ఇన్నేళ్లలో ఎవరూ నన్ను కారణం అడగలేదు. తెలిసిన మాటలేవీ ఒకదాని పక్కన ఒకటి నిలబడలేదు.

"అంతే," అన్నాను.

సార్ వెనక్కి వాలారు. వెనక వరసలో నుంచి ఒకడు అరిచాడు. "చూసిండ్రా! తనకొచ్చే కుర్చీ తనే వద్దంటుండు! గిట్లాంటోడు గావాలె!"

ఎవరో నా పేరు మొదలుపెట్టారు. ఊరంతా అందుకుంది. అక్కడికక్కడే నన్ను మేనేజరును చేశారు.

పంపు రోజు

పంపు వచ్చింది. బస్సు వచ్చింది.

హైమవతి నీటి కార్డు గేటు దగ్గర కౌంటర్లో ఇచ్చేసింది. ఆమె సంచీ నేను పట్టుకున్నాను. బరువు లేదు. స్టాండు దాకా ఇద్దరం మాట్లాడలేదు. నాకు అది అలవాటే, ఆమెకు కాదు.

బస్సు ఎక్కబోతూ, "తప్పు నాదే. నిన్ను కుర్చీల కూర్చోబెట్టమన్నది నేనే," అంది. తరవాత, "కానీ సైదులూ, నువ్వు నిన్న ఇంకో రెండు మాటలు అంటే ఏం పోయేది?"

సంచీ అందించాను.

"డిఫెండర్లను మార్చకు," అంది. బస్సు కదిలింది. కాలువ దిగువ వైపు వెళ్లే బస్సు అది. దిగువన ఊళ్లు లేవు, ఎండిన పొలాలు, ఆ తరవాత ఉప్పు నేల.

తిరిగి వస్తుంటే కోటమ్మ పిలిచి ఇడ్లీలు పెట్టింది. డబ్బు వద్దంది. "మేనేజరు దగ్గర తీసుకుంటనా?" అంది. తినలేకపోయాను. తిన్నాను.

ఎండు రోజు

కుర్చీ నాకు ఎత్తు ఎక్కువ. కాళ్లు సరిగా ఆనవు. ప్రాక్టీసు మొదలైంది, టర్ఫ్ తడపడానికి వేరే మనిషిని పెట్టారు. గొట్టం పట్టుకోవడం రాదు, ఒక మూల మడుగు కడుతోంది. చెప్పాలి.

మధ్యాహ్నం ఇమ్మానియేలు వచ్చాడు. ఎగువగట్టు వాళ్లు అతన్ని అడిగారట. ఇల్లు ఇస్తారట, రోజూ పంపు ఇస్తారట. కొత్త సీజన్ మొదలు కావడానికి ఇంకా కొద్ది రోజులే.

"నాకు పోవాలని లేదన్నా," అన్నాడు. "కానీ ఎందుకు ఉండాలో కూడ తెలుస్తలేదు. మేడం ఉన్నప్పుడు తిట్టేది, తిడితే ఉన్న. నువ్వు చెప్పు. ఉండమంటే ఉంట."

ఉండమనాలి. అతని మోకాలు ఎంత వంగుతుందో నాకు తెలుసు. తడి టర్ఫ్ మీద ఎడమకు ఆలస్యంగా పడతాడని తెలుసు. అలాంటి కీపర్ మాకు ఇంకొకడు లేడని తెలుసు. అంతా కలిపి ఒక మాట చేయాలి. ఏ మాట ముందు అనాలో చూస్తున్నాను.

అతను నిలబడ్డాడు. గోడ వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"సరే అన్నా. అర్థమైంది," అన్నాడు.

ఏం అర్థమైందో నాకు తెలియదు. అతను మెట్లు దిగాక, "ఉండు" అన్నాను. గదిలో ఎవరూ లేరు.

సాయంత్రం వైదేహి ఫోన్ చేసింది. వచ్చే ఏడు నా మీద తీర్పు కూడా పెట్టెతోనే అట. ఈసారి ప్రశ్న అడగనక్కర్లేదట. నా సీజన్ పెట్టెలో దాచి ఉంచారు, అసలు సీజన్‌ను దాని పక్కన పెట్టి చూస్తారు.

ఫోన్ పెట్టేయబోతుంటే అడిగాను. "అందులో ఇమ్మానియేలు నా దగ్గరికి వచ్చిండా? పోతనని?"

మీటలు నొక్కుతున్న చప్పుడు. వెతుకుతోంది.

"వచ్చాడండి."

"నేనేమన్న?"

"ఏమీ అనలేదు సైదులు గారూ," అంది వైదేహి. "అతను ఉండిపోయాడు."